పాలిప్ తీయించుకున్నాక పీచు గురించి

చిరంజీవి మురళికి పెద్దమ్మ ఆశీస్సులు.

నీ పెద్దపేగులో కనబడిన పాలిప్‌ను, అంటే లోపలి పొరపై పెరిగిన చిన్న కండను, కొలనోస్కోపీ (కెమెరా గొట్టంతో పేగు లోపల చూసే పరీక్ష) చేస్తూనే తీసివేశారనీ, అది అడినోమాయే (వదిలేస్తే ముందుముందు క్యాన్సర్‌గా మారగల రకం పాలిప్) తప్ప క్యాన్సర్ కాదని తేలిందనీ తెలిసి మనసు కుదుటపడింది. అయితే పీచు కోసమని రోజూ ఇసబ్‌గోల్ పొట్టు తాగుతున్నావనీ, ఇక ఆ బెడద తిరిగి రాదని ధీమాగా ఉన్నావనీ మీ అమ్మ చెప్పింది. ఆసుపత్రిలో రోగులకు పథ్యం చెప్పే ఉద్యోగం చేసినదాన్ని కనుక ఈ మాట విని ఊరుకోలేకపోతున్నాను.

పీచు మంచిదన్న మాట ఊరికే పుట్టలేదు. ఉగాండాలో పనిచేసిన శస్త్రవైద్యుడు డెనిస్ బర్కిట్, పీచు దండిగా తినే ఆఫ్రికా పల్లెవాసులకు పెద్దపేగు క్యాన్సర్ అరుదుగా వస్తుందని గమనించి 1971లో ఈ వాదాన్ని ముందుకు తెచ్చాడు. పేగులోని సూక్ష్మజీవులు పీచును పులియబెట్టినప్పుడు పుట్టే బ్యుటిరేట్ అనే పదార్థం పేగు లోపలి పొరలోని కణాలకు ఆహారమవుతుంది. కానీ నీలాగే పాలిప్ తీయించుకున్నవారిపై అమెరికాలో జరిపి 2000లో ప్రకటించిన ప్రయోగంలో, కొవ్వు తగ్గించి పీచు, పండ్లు, కూరగాయలు పెంచి నాలుగేళ్లు తిన్నవారికి కొత్త అడినోమాలు ఏమీ తగ్గలేదు. గోధుమ తవుడుతో చేసిన మరో ప్రయోగంలోనూ ఇదే ఫలితం వచ్చింది. ఐరోపాలోనైతే రోజుకు 3.5 గ్రాముల ఇసబ్‌గోల్ తీసుకున్నవారిలోనే అవి తిరిగి రావడం ఎక్కువగా కనిపించింది. మలబద్ధకానికి ఇసబ్‌గోల్ మంచిదే. పాలిప్‌లను అడ్డుకుంటుందని మాత్రం నమ్మవద్దు.

మరి పీచు వృథాయా అంటే, కాదు. లక్షలాది మందిని ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనాల్లో తిండి ద్వారా, ముఖ్యంగా ముడి ధాన్యాల ద్వారా, పీచు ఎక్కువగా తీసుకునేవారికి పెద్దపేగు క్యాన్సర్ తక్కువగా కనబడింది. నాలుగేళ్లలో తేలని మేలు జీవితకాలపు తిండిలో ఉండవచ్చునని నా అభిప్రాయం.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన పట్టికల ప్రకారం, 100 గ్రాముల పాలిష్ బియ్యంలో పీచు 3 గ్రాములైనా లేదు. జొన్నల్లో, రాగుల్లో 10 గ్రాములకు పైనే ఉంది. కాబట్టి రాత్రిపూట అన్నం మాని జొన్నరొట్టె తిను, పిండిని జల్లించనివ్వకు. సాయంత్రం మిక్చర్ పొట్లం బదులు శనగ గుగ్గిళ్లో, గింజలతో సహా జామకాయో తిను. ఒక్కసారిగా పెంచితే కడుపు ఉబ్బరిస్తుంది, కనుక కొద్దికొద్దిగా పెంచి, నీళ్లు బాగా తాగు. సిగరెట్టూ మద్యమూ మానకుండా ఇవన్నీ చేసి ఏం లాభం?

అన్నిటికంటే ముఖ్యం, డాక్టరు చెప్పిన గడువుకు మళ్లీ కొలనోస్కోపీ చేయించుకోవడం. కొత్తగా పుట్టిన పాలిప్‌ను చిన్నగా ఉండగానే పట్టి తీసివేసేది అదే. నీ పాలిప్ సంగతి తమ్ముడు కూడా తన డాక్టరుకు చెప్పాలి, తనకు పరీక్ష ఎప్పుడు అవసరమో ఆయన నిర్ణయిస్తారు. పరీక్షకు ముందు రెండు మూడు రోజులు మాత్రం రొట్టె, ఆకుకూరలు, గింజలున్న పండ్లు పక్కన పెట్టి, ఆసుపత్రివారు చెప్పిన ప్రకారం తెల్లన్నం, మజ్జిగ వంటివే తిను. పేగు శుభ్రంగా లేకపోతే చిన్న పాలిప్ వారి కంట పడదు.

ఇట్లు,
పెద్దమ్మ