మేష్టారింటి వీధి

భీమవరం,
ఆదివారం ఉదయం

అమ్మలూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. నువ్వు బ్యాంకు ఉద్యోగం మానేస్తున్నావట, మ్యూచువల్ ఫండ్లు అమ్మిపెట్టే డిస్ట్రిబ్యూటర్‌గా సొంతంగా మొదలుపెడుతున్నావట. చెప్పడం అయ్యాక "అంతా మేనమామ పోలికే" అని పెట్టేసింది. అది మెచ్చుకోలో తిట్టో నాకింకా తేలలేదు. మీ అత్త మాత్రం వంటింట్లోంచే, "ఆ పని మీరు మానేశాకే కదా ఫోన్ మోగితే ఉలిక్కిపడడం మానేశాం" అంది.

నాకు రాత్రంతా నిద్ర లేదు. మన ఇంట్లో ఒక ఆడపిల్ల తన పేరు మీద బోర్డు పెట్టుకుంటోందని ఓ పక్క పొంగిపోతున్నాను. ఇంకో పక్క కడుపులో ఏదో దేవినట్టుగా ఉంది. ఫోన్‌లో చెబితే "సరే మావయ్యా, సరే మావయ్యా" అంటూ ఇంకో పని చూసుకుంటావు. అందుకే ఉత్తరం.

ముందు చిల్లర సంగతులు. ఈ పనికి రాయాల్సిన ఎన్‌ఐఎస్‌ఎమ్ పరీక్ష నీకో లెక్క కాదు, సగం మార్కులొస్తే పాస్. ఫండ్లు అమ్మడానికిచ్చే ఏఆర్‌ఎన్ నంబరు మూడేళ్ళకోసారి రెన్యూ చేయించుకోవడం మర్చిపోకు. ఆఫీసు అద్దెకి తీసుకోకు, ఇంట్లోనే ఒక బల్ల చాలు. ఏడాది ఇంటి ఖర్చు ముందే పక్కన పెట్టుకో. మా రోజుల్లో కస్టమరు డబ్బులోంచే 2.25 శాతం ఎంట్రీ లోడ్ అని ముందే కోసి మాకిచ్చేవారు. 2009 ఆగస్టులో మార్కెట్లని అదుపుచేసే సెబీ దాన్ని తీసేసింది, మంచి పని చేసింది. ఇప్పుడు మీకొచ్చే ట్రెయిల్ కమీషన్, కస్టమరు డబ్బు ఫండ్‌లో ఉన్నన్నాళ్ళూ, చుక్క చుక్కగా వస్తుంది. మొదటి రెండేళ్ళు ఏడుపొస్తుంది.

ఇక అసలు విషయం. మన ఊళ్ళో పుట్టినదానివి, గొర్రెదాటు అంటే ఏమిటో నీకు పుస్తకాలు చెప్పక్కర్లేదు. తొంభైల్లో మీ తాతయ్య మూడెకరాల వరిచేను రొయ్యల చెరువు చేశారు. ఎందుకు చేశారంటే పక్కాయన చేశాడు కాబట్టి. ఆ పక్కాయన ఇంకో పక్కాయన్ని చూసి చేశాడు. 94, 95 నాటికి తెగులొచ్చింది. నీళ్ళు అందరికీ ఒకటే కాలవ. ఒకాయన తెగులు పట్టిన నీళ్ళు కాలవలోకి వదిలితే, కిందాయన మోటారేసి అవే నీళ్ళు తోడుకున్నాడు. తాతయ్య చెరువులో తప్పేమీ లేదు, కాలవలోనే ఉంది. ఈ కాలవని గుర్తుపెట్టుకో, మళ్ళీ దాని దగ్గరికి వస్తాను.

నా తప్పు గురించి మీ అమ్మకి కూడా పూర్తిగా తెలియదు. నీకు చెప్పకపోతే ఈ ఉత్తరం రాయడం దండగ.

2007 చివర. సెన్సెక్స్ ఇరవై వేలు దాటింది. ఎక్కడ చూసినా రోడ్లు, కరెంటు, రేవులు, దేశం మొత్తం కట్టేస్తున్నారు అనే మాట. ప్రతి ఫండ్ హౌసూ ఒక ఇన్‌ఫ్రా ఫండ్ తెచ్చింది. తేనివాళ్ళు తెచ్చినవాళ్ళ వైపు చూసి తెచ్చారు. నా దగ్గర అప్పటికి నూట నలభైమంది కస్టమర్లు. సంక్రాంతి ముందు మన వైపు ఎలా ఉంటుందో తెలుసుగా! కోడిపందేల బరి దగ్గర కూడా ఎన్‌ఎఫ్‌ఓల మాటే, అంటే కొత్తగా వచ్చే ఫండ్ల మాటే. ఆ బరిలో ఒక సంగతి ఎప్పుడైనా గమనించావా? పైపందేలు కాసేవాళ్ళలో చాలామంది కోడిని చూడరు. పెద్ద ఆసామీ ఎటు అరుస్తున్నాడో చూసి అటు అరుస్తారు. ఓడిపోయాక కూడా వాళ్ళకి పెద్ద బాధ ఉండదు, ఆసామీ కూడా ఓడిపోయాడు కదా అని.

మా లెక్కల మేష్టారు అప్పటికి రిటైరై రెండేళ్ళయింది. గ్రాట్యుటీలో మిగిలిన 4 లక్షలు పోస్టాఫీసులో పెట్టుకున్నారు. భోగికి ముందు వారం వాళ్ళింటికి వెళ్ళాను. అరుగు మీద కూర్చున్నాం. ఫారం ముందు పెట్టి, "పది రూపాయలకే యూనిట్ మేష్టారూ, ఇంత చవగ్గా మళ్ళీ దొరకదు" అన్నాను. అమ్మలూ, పది రూపాయలనేది పేరుకే. కొత్త ఫండ్‌లో పది రూపాయల యూనిట్‌తోనూ, పాత ఫండ్‌లో రెండొందల రూపాయల యూనిట్‌తోనూ కొనేది అవే షేర్లు, అదే ధరకి. నాకది అప్పటికే తెలుసు. తెలిసే అన్నాను.

ఆయన కళ్ళజోడు తీసి పంచె కొంగుతో తుడుచుకుంటూ ఒకే ఒక్క ప్రశ్న అడిగారు. "అందరూ పెడుతున్నారా?"

"అందరూ పెడుతున్నారండీ" అన్నాను.

సంతకం పెట్టేశారు. 4 లక్షల మీద 2.25 శాతం, 9 వేలు. ఆ డబ్బుతో మీ అత్తకి వాషింగ్ మెషీన్ కొన్నాను.

పండగ వెళ్ళి వారం తిరగలేదు. జనవరి 21న సెన్సెక్స్ ఒక్కరోజులో 1,408 పాయింట్లు పడింది. మర్నాడు తెరవగానే లోయర్ సర్క్యూట్, అంటే పతనం హద్దు తగిలి, గంటసేపు ట్రేడింగ్ ఆపేశారు. ఆ వారం నేను అందరికీ ఫోన్లు చేశాను, ధైర్యం చెప్పాను. నిజంగానే చెప్పాను. కానీ పతనం నెలల తరబడి సాగింది. అక్టోబరు చివర్లో సెన్సెక్స్ 8 వేల దిగువకి వచ్చేసరికి నా దగ్గర మాటలు అయిపోయాయి. ఫోన్లు చేయడం మానేశాను. తర్వాత ఎత్తడం మానేశాను. ఆ తర్వాత, ఇది రాయడానికి చెయ్యి ఆడటం లేదు, మేష్టారింటి వీధిలోంచి వెళ్ళడం మానేశాను. కూరగాయల మార్కెట్‌కి అదే దగ్గరి దారి. నేను చుట్టూ తిరిగి జువ్వలపాలెం రోడ్డు మీదుగా వెళ్ళేవాణ్ణి. మీ అత్త అడిగితే "ఆ వీధిలో కుక్కలు" అన్నాను.

2009 మార్చిలో ఆయన ఒంటరిగా బస్సెక్కి విజయవాడ వెళ్ళి, డబ్బు వెనక్కి తీసుకునే రిడెంప్షన్ ఫారం తనే నింపుకుని ఇచ్చొచ్చారు. యూనిట్‌కి 4 రూపాయల 40 పైసలు. మొదట్లో కోసిన లోడ్ కూడా పోగా 4 లక్షలకి లక్షా డెబ్భై రెండు వేలు చేతికొచ్చింది. రెండు నెలలాగి మే 18న, ఎన్నికల ఫలితాల తర్వాతి సోమవారం, మార్కెట్ అప్పర్ సర్క్యూట్‌లు కొట్టి 2,110 పాయింట్లు లేచింది. టీవీలో స్వీట్లు పంచుకుంటున్నారు. నేను టీవీ కట్టేసి పెరట్లోకి వెళ్ళి కూర్చున్నాను.

ఆగి ఉన్నా ఆయనకి మొత్తం వెనక్కి వచ్చేది కాదు, ఆ ఫండ్ పది రూపాయలు చూడ్డానికి ఏళ్ళు పట్టింది. పెద్దాయన డబ్బంతా తీసుకెళ్ళి ఒకే రంగంలో పెట్టించడం ఒక పాపం. అది సరే, ఎన్నో చోట్ల చదువుతావు. పడ్డప్పుడు వెళ్ళకపోవడం రెండోది, దాన్ని ఏ పరీక్షలోనూ అడగరు. జూన్‌లో సిగ్గు చంపుకుని వెళ్ళాను. మేష్టారు ఒక్క మాట అనలేదు. కాఫీ ఇప్పించి, గ్లాసు నా చేతిలో పెడుతూ, "డబ్బు సంగతి అలా ఉంచు నాయనా, ఈ ఏడాదిలో కాఫీకైనా రావచ్చు కదా" అన్నారు. తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది.

ఆ తర్వాత చాలా రోజులు ఫండ్ మేనేజర్ల మీద కోపంగా ఉండేవాణ్ణి. ఇంత చదువుకున్నవాళ్ళు కూడా అందరూ ఒకే షేర్లు ఎందుకు కొంటారని. మెల్లగా అర్థమైంది. ప్రతి నెలా వాళ్ళ పోర్ట్‌ఫోలియో, అంటే కొన్న షేర్ల జాబితా, బయట పెట్టాలి. ప్రతి మూడు నెలలకీ ఇండెక్స్‌తో, పక్క ఫండ్‌తో పోలుస్తారు. ఒక్కడే తప్పు చేస్తే ఉద్యోగం పోతుంది. అందరితో కలిసి తప్పు చేస్తే "మార్కెట్ పడింది" అంటారు. గుంపులో గోవిందా! దానికితోడు పడేటప్పుడు ఏం అమ్మాలో కూడా అతని చేతిలో ఉండదు. మన కస్టమర్లు వరసకట్టి రిడెంప్షన్ అడిగితే, అమ్ముడయ్యేదే అమ్మాలి. అంటే మంచివి ముందు పోతాయి, చెత్త మిగులుతుంది. అతను అమ్మితే అదే షేరు పెట్టుకున్న పక్క ఫండ్ ఎన్‌ఏవీ, అంటే యూనిట్ ధర, కూడా పడుతుంది. ఆ ఫండ్ కస్టమరు భయపడతాడు. కాలవ ఒకటే కదా.

ఈ కాలవ దేశాలు కూడా దాటుతుంది. 1997 జులై 2న థాయిలాండ్ తన కరెన్సీ బాత్ విలువని పట్టుకోకుండా వదిలేస్తే, విదేశీ ఫండ్లు థాయిలాండ్‌లో ఆగలేదు. మలేషియా, ఇండోనేషియా, ఫిలిప్పీన్స్, చివరికి కొరియా దాకా అమ్ముకుంటూ పోయాయి. వాళ్ళకి అవన్నీ "ఆసియా" అనే ఒకే గంప. కొరియావాళ్ళ కథ ఇంకోటుంది, మేష్టారి కథకి కవలే. 2007 అక్టోబరు చివర అక్కడ ఇన్‌సైట్ అనే ఫండ్ వచ్చింది. నెల తిరిగేలోపే జనం 4 లక్షల కోట్ల వొన్లు కుమ్మరించారు. చాలా భాగం చైనా షేర్లకి పోయింది. ఏడాది తిరిగేసరికి సగానికి పైగా కరిగింది. చదివినప్పుడు నాకు వెంటనే ఒకటే అనిపించింది, అక్కడ కూడా ఎవరో ఒక ఏజెంటు ఒక వీధిలోంచి వెళ్ళడం మానేసి ఉంటాడు.

ఇప్పుడు పరిస్థితి కొంత మారింది, ఒప్పుకుంటాను. 2024 అక్టోబరులో విదేశీవాళ్ళు మన షేర్లు 90 వేల కోట్లకి పైగా అమ్మేస్తే, మన సంస్థలు అంతకన్నా ఎక్కువే కొన్నాయి. ఆ నెల జనం నెలనెలా కట్టే సిప్‌ల డబ్బే 25 వేల కోట్లు దాటింది. మా రోజుల్లో విదేశీవాడు తుమ్మితే మనకి జ్వరం వచ్చేది. అయినా ఈ సిప్‌లవాళ్ళలో ఎంతమంది 2008 లాంటి ఏడాదిని పూర్తిగా చూశారు? 2020 మార్చి 23న ఒక్కరోజులో 13 శాతం పడింది నిజమే, కానీ కొన్ని నెలల్లో లేచింది. అందుకే వీళ్ళకి పడడం అంటే లేవడానికి ముందు మెట్టు అనే నమ్మకం. ఇది ధైర్యమో, ఇంకో రకం గొర్రెదాటో నాకు తేలడం లేదు. మీ అత్తేమో నేను ముసలాణ్ణయ్యానంటోంది.

చిన్న కంపెనీల షేర్లు కొనే స్మాల్ క్యాప్ ఫండ్ అడుగుతూ వచ్చేవాళ్ళే నీకు ఎక్కువమంది ఉంటారు, నిరుటి రిటర్న్ ఫోన్‌లో చూపిస్తూ. 2024 నుంచి ఆ ఫండ్లు స్ట్రెస్ టెస్ట్ వివరాలు బయట పెడుతున్నాయి, పోర్ట్‌ఫోలియోలో పావు వంతు, సగం అమ్మడానికి ఎన్ని రోజులు పడుతుందో. ఆ రోజుల సంఖ్య కస్టమరుకి చూపించి, తర్వాతే ఫారం తియ్యి. సగంమంది వేరే ఏజెంటు దగ్గరికి పోతారు. పోనీ.

ఇంకో మాట, కోపం తెచ్చుకోకు. చుట్టాలతో మొదలుపెట్టకు. పిన్నిలూ బాబాయిలూ మొహమాటానికి పెడతారు, పడ్డాక పెళ్ళిళ్ళలో మొహం తిప్పుకుంటారు. మీ అమ్మ గాజులు అమ్మి పెడతానని నిన్న ఫోన్‌లో అంది. నిజంగా అంది. తీసుకున్నావంటే ఆ మర్నాడే బస్సెక్కి వచ్చి నీ చెవి మెలిపెడతాను, ముప్ఫై ఏళ్ళదానివైనా సరే. చిన్నప్పుడు నా పంచె పట్టుకుని బరి దగ్గరికి వస్తానని ఏడ్చేదానివి. ఇప్పుడు నువ్వే బరిలో దిగుతున్నావు, నేనేమో గట్టు మీద నుంచి అరుస్తున్నాను.

ఏజెంటు లేకుండా కొనుక్కునే డైరెక్ట్ ప్లాన్ ఉండగా నీకు కమీషన్ ఎందుకివ్వాలని అడుగుతారు. అడగనీ. అడిగినవాళ్ళతో వాదించకు. ఒక చిన్న నోట్‌బుక్కు పెట్టుకుని, ఒక్కో కస్టమరుకి ఒక్కో పేజీ ఇచ్చి, ఆఖరిసారి వాళ్ళింటికి ఎప్పుడు వెళ్ళావో తారీఖు వేసుకో. నాది పంపిస్తున్నాను, చూస్తావని. అందులో 2008 అక్టోబరు తర్వాత పేజీలు తెల్లగా ఉంటాయి.

మేష్టారు పోయి ఆరేళ్ళయింది. వాళ్ళ కోడలు మొన్న మావుళ్ళమ్మ గుడి దగ్గర కనిపించి, "నెలకి మూడు వేలు సిప్ కట్టుకోవాలనుంది అంకుల్, ఎవర్ని నమ్మాలో తెలియడం లేదు" అంది. నేనిప్పుడు చేయడం లేదమ్మా అన్నాను, నీ పేరు నోటిదాకా వచ్చింది, ఆగాను. నువ్వు ఊ అంటే నంబరు ఇస్తాను. కానీ ఫోన్‌లో కుదరదు, నువ్వే రావాలి, ఆ అరుగు మీద కూర్చుని మాట్లాడాలి. ఇల్లు నేను చూపిస్తాను, ఆ వీధిలోంచే వెళ్దాం.

నీ మావయ్య