మే చివర్లో శ్రీలంక: గుళ్ళూ సముద్రమూ రెండూ కావాలంటే తూర్పు ఒడ్డుకు వెళ్ళండి

మీరు అడిగింది ఇది: మే చివరి వారం, ఇద్దరు పెద్దలు, పదేళ్ళు దాటిన ఇద్దరు పిల్లలు, శ్రీలంకలో ఏడు రోజులు. పాత గుళ్ళూ రాజధానులూ చూడాలి, సముద్రంలో తనివితీరా ఈదాలి. ఏజెంటు ఇచ్చిన ప్లానులో కొలంబో, క్యాండీ, నువర ఎలియ, ఎల్ల, మిరిస్స, బెంతోట ఉన్నాయి. ఇది బాగుందా?

బాగాలేదండి. ఆ ఊళ్ళు వేటికవి మంచివే, తప్పంతా నెలలో ఉంది. మిరిస్స, ఉనవటున, హిక్కడువ, బెంతోట అన్నీ దక్షిణ, నైరుతి తీరాల ఊళ్ళు. డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా అక్కడ పిల్లలను నిశ్చింతగా నీళ్ళలోకి దింపొచ్చు. మే మూడో వారం దాటేసరికి నైరుతి రుతుపవనాలు వచ్చి నేరుగా ఆ ఒడ్డునే కొడతాయి. అలలు విరుచుకుపడతాయి, నీళ్ళు మట్టిరంగుకు తిరుగుతాయి, మనిషిని లోపలికి లాక్కుపోయే ప్రవాహాలు బలపడతాయి. ఎర్రజెండా పాతి ఉంటే పిల్లలు ఇసుకలో కూర్చుని సముద్రాన్ని చూడాల్సిందే. మిరిస్సలో తిమింగలాలు చూపించే పడవల సీజను కూడా నవంబరు నుంచి ఏప్రిల్ వరకే. ఆ నెలలో అక్కడ గదులు ఎందుకంత చవగ్గా వస్తున్నాయో ఏజెంటు మీకు చెప్పడు.

సరిగ్గా అదే వారంలో తూర్పు ఒడ్డు కథ వేరు. ద్వీపం నడుమ కొండలున్నాయి, వాటిలో ఎత్తైన పిదురుతలాగల 2,524 మీటర్లు. రుతుపవనాల గాలి తన తేమనంతా పడమటి వాలు మీదే కుమ్మరించి, ఎండి వేడెక్కి తూర్పుకు దిగుతుంది. ఆ వేడిగాలిని తూర్పున కచ్చాన్ అంటారు. అందుకే మే నుంచి సెప్టెంబరు దాకా ట్రింకోమలి, నిలావెలి, ఉప్పువెలి, పాసికుడా ఒడ్డుల్లో వాన తక్కువ, అల తక్కువ, నీళ్ళు తేట. ఎండ మాత్రం గట్టిగానే ఉంటుంది. ఇంకో సంగతి, పాత గుళ్ళూ రాజధానులూ ఉన్న సిగిరియ, దంబుల్ల, పొలొన్నరువ ఈ పొడి ప్రాంతంలోనే, ట్రింకోమలి వెళ్ళే దారి పక్కనే ఉన్నాయి. చరిత్రా సముద్రమూ ఇంత దగ్గరగా దొరికే దారి ఆ దేశంలో ఇంకొకటి లేదని నా గట్టి నమ్మకం. అయినా మనవాళ్ళకు అమ్మే ప్యాకేజీల్లో నెల ఏదైనా బెంతోటే ఉంటుంది.

కాబట్టి ఇలా వేసుకోండి: సిగిరియ దగ్గర రెండు రాత్రులు, నిలావెలిలో మూడు, క్యాండీలో ఒకటి. మొత్తం మూడు బసలు, అంతకు మించి పెట్టెలు సర్దే పని పెట్టుకోవద్దు. విమానం దిగే కటునాయక కొలంబోకు ఉత్తరాన ఉంది. సిగిరియ కూడా ఉత్తరానే, సుమారు నాలుగు గంటల ప్రయాణం. అంటే కొలంబోలోకి పోవడం వెనక్కి పోవడమే. అర్ధరాత్రి దిగితే మాత్రం పక్కనే ఉన్న నెగొంబోలో పడుకుని తెల్లవారి బయల్దేరండి. సముద్రాన్ని చివర్లో పెట్టకుండా మధ్యలో పెట్టమనడానికీ కారణం ఉంది. ట్రింకోమలి నుంచి విమానాశ్రయానికి దాదాపు ఆరు గంటలు పడుతుంది, తిరుగు ప్రయాణం రోజు ఆ దూరం పెట్టుకోకూడదు. క్యాండీ నుంచైతే మూడు, మూడున్నర గంటలే.

నువర ఎలియ, ఎల్ల తీసేయండి. క్యాండీ–ఎల్ల రైలు అందమైనదే, కాదనను. కానీ ఆరేడు గంటలు రైలుకే పోతాయి, ఎల్ల నుంచి విమానాశ్రయానికి మళ్ళీ ఇంచుమించు అంతే. రిజర్వేషను నెల ముందు తెరిచిన కాసేపటికే సీట్లు అయిపోతాయి. పైగా వానల్లో కొండచరియలు పడితే ఆ లైను ఆగిపోతుంది. ఏడు రోజుల్లో రెండు రోజులు దానికిస్తే పొలొన్నరువ, సముద్రం రెండూ నలిగిపోతాయి.

సిగిరియ సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎక్కువమంది పాడుచేసుకునేది దీన్నే. చుట్టూ ఉన్న నేల మీద దాదాపు 180 మీటర్ల ఎత్తు లేచిన ఒంటరి రాయి అది. అయిదో శతాబ్దంలో, 477 నుంచి 495 వరకు పాలించిన కాశ్యపుడు దాని నెత్తిన రాజభవనం కట్టించాడు. సుమారు 1,200 మెట్లు. గేటు తెరిచే వేళకే టికెట్ కౌంటరు ముందు ఉండండి. పొద్దున్నే అంటే చల్లగా ఉంటుందని మాత్రమే కాదు. రాతి మీద గీసిన పాత చిత్రాలున్నది పడమటి ముఖాన, పొద్దున ఆ వైపు నీడ ఉంటుంది. పైగా చిత్రాల దగ్గరికి ఎక్కేది గుండ్రంగా తిరిగే ఇరుకు ఇనుప మెట్ల మీద. ఒకరి వెనక ఒకరే పోవాలి. తొమ్మిది దాటి బస్సులు వచ్చాయంటే ఆ మెట్ల మీదే అరగంట నిలబడిపోవచ్చు, వెనక్కి దిగడానికీ చోటుండదు. చిత్రాల దగ్గర ఫోటోలు నిషేధం, ఫోను జేబులో పెట్టి కళ్ళతో చూడండి. పక్కనే అద్దపు గోడ, అంటే అద్దంలా మెరిసేలా నున్నగా పూత పూసిన గోడ, దాని మీద వెయ్యేళ్ళ కిందటి సందర్శకులు గీసిన పద్యాలున్నాయి, చేత్తో తాకకండి. ఆ తర్వాత మెరక మీద రెండు పెద్ద సింహపు పంజాలు. ఒకప్పుడు మొత్తం సింహమే ఉండేది, దాని నోట్లోంచి పైకి దారి. ఇప్పుడు ఆ పంజాల నడుమ నుంచి మెట్లు మొదలై, ఆ పైన రాయి ముఖానికి బిగించిన ఇనుప మెట్ల మీదుగా కొసకు చేరతారు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు ఈ మెరక దగ్గర ఆగిపోయినా ముఖ్యమైనవన్నీ చూసినట్టే.

ఆ రాతికి పెద్ద తేనెపట్లు ఉంటాయి. నిశ్శబ్దం అని బోర్డులు పెట్టింది అందుకే. పిల్లలకు ముందే చెప్పి ఉంచండి, ఆ రోజు సెంటు పూసుకోవద్దు. ఈగలు లేస్తే సిబ్బంది ఎక్కడం ఆపేస్తారు, వాళ్ళతో వాదించకండి. మే, జూన్‌లలో పైన గాలి బలంగా ఉంటుంది, టోపీకి తాడుండాలి. మనిషికి లీటరు నీళ్ళు కిందే కొనుక్కోండి, పైన దొరకవు. ఎక్కి దిగి రావడానికి మూడు గంటలు చాలు. ఎదురుగా ఉన్న పిదురంగల కొండ సులువని చెప్తారు గానీ, దాని చివరి అంచెలో బండరాళ్ళ మీద చేతులానించి పాకాలి. సిగిరియ టికెట్ విదేశీయులకు బాగా ఖరీదే, అయితే సార్క్ దేశాల పాస్‌పోర్టు చూపిస్తే తగ్గిస్తారు. కౌంటరులో అసలు పాస్‌పోర్టే అడగొచ్చు, జిరాక్సు నమ్ముకుని వెళ్ళకండి.

మూడో రోజు పొలొన్నరువ మీదుగా సముద్రానికి. పొద్దున ఏడున్నరకల్లా అక్కడుంటే శిథిలాలన్నీ అద్దె సైకిళ్ళ మీద తిరగొచ్చు. మొదటి పరాక్రమబాహు అనే రాజు చెక్కించిన గల్ విహారలో ఒకే రాతి వరసలో నాలుగు విగ్రహాలు, పడుకున్న బుద్ధుడిది దాదాపు 14 మీటర్ల పొడవు. చోళులు పదకొండో శతాబ్దంలో ఈ ఊరినే రాజధాని చేసుకున్నారు, వాళ్ళ రాతి శివాలయం ఇంకా నిలిచి ఉంది. గుడి ప్రాంగణాల్లో చెప్పులు, టోపీ తీయాలి. పది దాటితే రాతిపలకలు కాలుతాయి కాబట్టి మందపాటి మేజోళ్ళు సంచిలో పెట్టుకోండి. భుజాలూ మోకాళ్ళూ కప్పే బట్టలు తప్పనిసరి. బుద్ధుడికి వీపు పెట్టి ఫోటో దిగకండి, అక్కడ అది తీవ్రమైన అపచారం, 2012లో ముగ్గురు ఫ్రెంచి పర్యాటకులకు విగ్రహాలతో దిగిన ఫోటోల మీద కోర్టు శిక్ష కూడా వేసింది. మధ్యాహ్నం రెండుకల్లా ట్రింకోమలి దారి పట్టండి. దారిలో వచ్చే హబరణ ఊరి నుంచి ఆ రోడ్డు దాదాపు 85 కిలోమీటర్లు, చీకటి పడితే అడవి ఏనుగులు అడ్డం వస్తాయి.

నిలావెలి ఎదురుగా కిలోమీటరు దూరంలో పీజియన్ ఐలాండ్ ఉంది, 2003 నుంచి జాతీయ ఉద్యానం. ఒడ్డున టికెట్ తీసుకుని, పడవకు విడిగా డబ్బు కట్టి వెళ్ళాలి, రెండూ నగదుతోనే సిద్ధంగా ఉండండి. ఎనిమిది లోపే బయల్దేరండి, మధ్యాహ్నానికి గాలి లేచి నీళ్ళు కలగిపోతాయి. శని, ఆదివారాలు వద్దు. అద్దె మాస్కు తీసుకునే ముందు ఒక పరీక్ష చేయండి: పట్టీ వేయకుండా ముఖానికి ఆనించి ముక్కుతో గాలి పీల్చి చేతులు వదిలేయండి. నిలిస్తే సరిపోయినట్టు, జారితే ఇంకోటి అడగండి. ఒక్క వెంట్రుక అంచు కింద ఇరుక్కున్నా నీళ్ళు కారుతూనే ఉంటాయి. పిల్లల మాస్కు పిల్లలకే ఉండాలి, పెద్దది బిగిస్తే సరిపోదు. లైఫ్ జాకెట్ అందరికీ. ఒడ్డంతా విరిగిన పగడపు ముక్కలే, రబ్బరు చెప్పులు లేకపోతే పాదాలు కోసుకుపోతాయి. వీపు మాడకుండా పొడుగు చేతుల టీషర్టు వేసుకుని ఈదండి. రెక్క కొస నల్లగా ఉన్న చిన్న సొరచేపలు కనిపిస్తాయి, మన దారిన మనముంటే వాటి దారిన అవి పోతాయి. పగడాల మీద నిలబడకండి. నిలబడిన చోటల్లా అవి చచ్చిపోతాయి, పెరగడానికి ఏళ్ళు పట్టినవి.

సాయంత్రం నాలుగు తర్వాత ట్రింకోమలిలోని కోణేశ్వరం. సముద్రం మీదికి పొడుచుకొచ్చిన కొండకొమ్ము అంచున శివాలయం. దానికి దారి ఫ్రెడరిక్ కోట లోంచి, దారిలో చుక్కల జింకలు తిరుగుతుంటాయి. పాత గుడిని పోర్చుగీసువాళ్ళు పదిహేడో శతాబ్దంలో పడగొట్టారు, ఇప్పుడున్నది తర్వాత కట్టింది. మన ఇళ్ళల్లో చదువుకునే అష్టాదశ శక్తిపీఠాల వరసలో మొట్టమొదటి పేరు లంకలోని శాంకరీదేవి. ఆ పీఠం ఇదేనని నమ్మిక. అంత దూరం వెళ్ళే తెలుగువాళ్ళను బెంతోటకు తిప్పి ఇది చూపించకుండా పంపించేయడం నాకు నిజంగా బాధగా ఉంటుంది.

ఆరో రోజు పొద్దున్నే క్యాండీకి, అయిదు గంటలు. దారిలో దంబుల్ల గుహలు చూడండి. మొత్తం అయిదు గుహలు, క్రీస్తుపూర్వం ఒకటో శతాబ్దంలో వలగంబ రాజు గుడిగా మార్చినవి. మూడో గుహలో ఆగి ఒక రాజు విగ్రహం వెతకండి. ఆయన కీర్తిశ్రీ రాజసింహుడు, 1747 నుంచి 1782 వరకు క్యాండీని ఏలినవాడు. 1739లో క్యాండీ రాజు వారసుడు లేకుండా పోతే, మదురై నుంచి వచ్చిన రాణి తమ్ముడు సింహాసనం ఎక్కాడు. తెలుగు మూలాలున్న మదురై నాయకుల బంధువర్గం అది. ఆ వంశంలో రెండోవాడే ఈ కీర్తిశ్రీ. శ్రీలంకలో బౌద్ధాన్ని మళ్ళీ నిలబెట్టిన రాజుగా అక్కడివాళ్ళు ఈయన్ను తలుచుకుంటారు. చివరివాడు శ్రీవిక్రమ రాజసింహుడు. క్యాండీ చెరువు, బుద్ధుడి దంతాన్ని పూజించే గుడి అయిన దంతాలయం ముందున్న ఎనిమిది పలకల మండపం ఆయన కాలానివే. 1815లో బ్రిటిషువాళ్ళు పట్టుకుని వేలూరు కోటలో పెట్టారు, 1832లో అక్కడే పోయాడు. ఈ కథ తెలిసి చూస్తే ఆ చెరువు గట్టు వేరేలా కనిపిస్తుంది. గైడును ఈ వంశం గురించి అడగండి, అడగకపోతే చాలామంది చెప్పరు.

దంతాలయంలో సాయంత్రం పూజ ఆరున్నరకు. ఆరుకల్లా పై అంతస్తు వరసలో ఉండాలి. కింద డప్పులు మొదలయ్యాక మెట్లు ఎక్కితే తలుపు దగ్గరికి చేరలేరు. కనిపించేది బంగారు పేటిక, దంతం కాదు, పిల్లలకు ముందే చెప్పండి.

కారూ డ్రైవరూ మాట్లాడుకునేటప్పుడు పెట్రోలు, పార్కింగు, డ్రైవరు బస, రోజుకు కిలోమీటర్ల పరిమితి ధరలో ఉన్నాయో లేవో రాతపూర్వకంగా తీసుకోండి. మసాలా తోటలు, రత్నాల దుకాణాలు వద్దని మొదటి రోజే చెప్పేయండి, లేదంటే ఒక్కో చోట గంట చొప్పున పోతుంది. అక్కడి కొండదారుల్లో గంటకు ముప్పై, ముప్పై అయిదు కిలోమీటర్లే లెక్క వేసుకోవాలి, మ్యాపులో దూరం చూసి మోసపోకండి. అక్కడి క్యూఆర్ చెల్లింపుల పద్ధతి లంకాక్యూఆర్ బోర్డు ఉన్నచోట 2024 ఫిబ్రవరి నుంచి మన యూపీఐ పనిచేస్తోంది. ఈటీఏ, అంటే ముందే ఆన్‌లైన్‌లో తీసుకునే ప్రయాణ అనుమతి, మాత్రం ప్రభుత్వ సైటులోనే చేయండి, అలాంటి పేరుతో ఎక్కువ డబ్బు గుంజే సైట్లు చాలా ఉన్నాయి.

శాకాహారులైతే ఒక మాట నేర్చుకోండి: ఉంబలకడ ఎపా. ఎపా అంటే వద్దు. ఉంబలకడ అంటే ఎండబెట్టిన చేప పొడి, కొబ్బరి పచ్చడిలోనూ కూరల్లోనూ రుచి కోసం వేస్తారు. కూరగాయల వంటకమే అంటారు, అందులో చేప వేశామని వాళ్ళకు తోచదు కూడా. మాంసం లేదు కదా అని అడిగితే లేదనే చెప్తారు.

టికెట్లు కొనే ముందు పౌర్ణమి తేదీ చూడండి. ప్రతి పౌర్ణమీ అక్కడ సెలవే, మద్యం, మాంసం అమ్మకాలుండవు. మేలో వచ్చే బుద్ధుడి పండుగ వెసక్‌కు వీధివీధినా లాంతర్లు, దారిపోయేవాళ్ళకు ఉచిత భోజనాలు, చూడదగ్గ సంబరం. కాకపోతే రోడ్లన్నీ కిక్కిరిసి ఉంటాయి. ఆ రోజు నిలావెలి నుంచి క్యాండీకి ప్రయాణం పడకుండా చూసుకోండి, ఒడ్డునే ఉండిపోయేలా ఒక రోజు అటూఇటూ జరపండి.