అమ్మకు బైపాస్ అయింది. ఇంట్లో పని చేసుకుంటే చాలదా, కార్డియాక్ రిహాబ్‌కు వెళ్ళాల్సిందేనా?

మీరు రాసిన దాన్నిబట్టి మీ అమ్మగారికి 59 ఏళ్ళు, బైపాస్ అయి అయిదు వారాలు. డాక్టరుగారు వారానికి మూడు రోజుల చొప్పున 12 వారాలు కార్డియాక్ రిహాబ్‌కు, అంటే పక్కనుండి గుండెనూ బీపీనీ చూస్తూ వ్యాయామం చేయించే చోటికి, రమ్మన్నారు. మీ నాన్నమ్మగారు అస్సలు కదలనివ్వద్దంటున్నారు. అమ్మగారేమో "వంటింట్లో తిరుగుతూనే ఉన్నాగా, డబ్బులు పోసి ఆ ఎక్సర్‌సైజులెందుకు" అంటున్నారు. వెళ్ళాలా వద్దా అని మీ ప్రశ్న.

వెళ్ళాలి బాబూ. తప్పకుండా పంపించండి. మీ అమ్మగారు అన్న మాటే మూడేళ్ళ కిందట నేనూ అన్నాను కాబట్టి నా సంగతి కాస్త వివరంగా రాస్తాను.

మాది తణుకు దగ్గర పల్లెటూరు. నాకు 56వ ఏట మూడు బ్లాకులకు బైపాస్ చేశారు. అందరూ చెప్పే ఎడమ చెయ్యి నొప్పి నాకు రాలేదు. పైకడుపులో బరువుగా ఉండి దవడ లాగేది, పది అడుగులు వేస్తే నీరసం. గ్యాస్ అనుకుని రెండు రోజులు సోడా తాగుతూ గడిపాను. ఆడవాళ్ళలో చాలామందికి ఇలాగే వస్తుందట, ఆలస్యం కూడా ఇలాగే అవుతుందట. చివరికి హైదరాబాదులో ఆపరేషన్ జరిగింది. డిశ్చార్జి రోజున ఇచ్చిన కాగితంలో మాత్రల లిస్టు, ఉప్పూ నూనే తగ్గించమన్న మాటా, కింద "మెల్లగా నడవండి" అని ఒక ముక్క ఉంది. ఎంతసేపు నడవాలి, ఎప్పుడు ఆగాలి, ఆయాసం వస్తే ఏం చెయ్యాలి, ఏమీ లేదు. అదే వారంలో ఆపరేషన్ అయిన పక్క గది ఆయనకు మాత్రం రిహాబ్ సెంటర్ కాగితం రాసిచ్చారు. నాకు రాయలేదు. ఇంట్లో ఉండే ఆవిడే కదా అనుకున్నారేమో, ఇప్పటికీ నాకు బాధగానే ఉంటుంది. ఆడవాళ్ళను రిహాబ్‌కు పంపడం చాలా దేశాల్లో తక్కువేనని, పంపినా మధ్యలో మానేసేవాళ్ళు ఎక్కువని తర్వాత తెలిసింది. చెకప్‌కు వెళ్ళినప్పుడు మా అమ్మాయి గట్టిగా అడిగితే అప్పుడు రాశారు. మీ డాక్టరుగారు తనంతట తానే రాశారంటే దాన్ని పోగొట్టుకోకండి.

రిహాబ్‌కు ముందు నెల రోజులు నేనెలా ఉన్నానో చెప్పాలి. దిండు మీద తల పెడితే చెవిలో గుండె చప్పుడు వినపడేది. అది కొంచెం వేగంగా కొట్టుకుంటే చాలు, మావారిని లేపేదాన్ని. బాత్‌రూమ్ తలుపు గడియ పెట్టుకోవడం మానేశాను. సాయంత్రమయ్యేసరికి కారణం లేకుండా ఏడుపొచ్చేది. గాయం మానిపోతోందని డాక్టర్లు అంటున్నారు, నాకేమో నా ఒంటి మీద నాకు నమ్మకం పోయింది. మీ అమ్మగారు బయటికి చెప్పకపోవచ్చు. ఒకసారి పక్కన కూర్చుని నెమ్మదిగా అడిగి చూడండి.

మా అమ్మాయి వాళ్ళు కూకట్‌పల్లిలో ఉంటారు. అల్లుడి ఇంట్లో మూడు నెలలు ఉండడమేమిటని నేను మొరాయించాను. "మీరు ఊరెళ్ళిపోతే మాకిక్కడ నిద్ర పట్టదు అత్తయ్యగారూ" అని అల్లుడే బతిమాలాడు. ఆరో వారంలో మొదలుపెట్టాను.

మొదటి రోజు 30 మీటర్ల వరండాలో అటొక గుర్తు, ఇటొక గుర్తు పెట్టి ఆరు నిమిషాలు నడవమన్నారు. అలిసిపోతే నిలబడొచ్చు, గడియారం మాత్రం ఆగదు. నేను రెండుసార్లు గోడ పట్టుకుని నిలబడ్డాను. మొత్తం 230 మీటర్లు. తర్వాత ఛాతీ మీద స్టిక్కర్లు అంటించి, వైర్లు తగిలించి ట్రెడ్‌మిల్ ఎక్కించారు. గంటకు 2 కిలోమీటర్ల వేగం, అంటే పసిపిల్లను నడిపించినట్టు. నాలుగో నిమిషంలో గుండె దడదడమంది. నాకు చెమటలు పట్టాయి, ఆపమన్నాను. ఫిజియోథెరపిస్ట్ అమ్మాయి కంగారు పడలేదు. వేగం తగ్గించి, స్క్రీన్ నా వైపు తిప్పింది. "చూడండి ఆంటీ, 78 ఉన్న పల్స్ 94 అయింది. గీత సమంగా ఉంది, బీపీ బాగుంది. నడిస్తే ఎవరికైనా వచ్చే దడే ఇది" అంది. ఆ మాట వినడానికే అన్ని రాత్రులు మేలుకుని ఉన్నాననిపించింది. ట్రెడ్‌మిల్ మీదే ఏడ్చేశాను. ఆ అమ్మాయి నా చెయ్యి పట్టుకుని నిలబడింది, ఏమీ అనలేదు.

ఇంట్లో నడిస్తే దొరకనిది ఇదే. ఏ ఆయాసం మంచిదో, ఏ ఆయాసానికి ఆగాలో మన పక్కన నిలబడి కొలిచి చెప్పేవాళ్ళు కావాలి. అక్కడ గోడకు 6 నుంచి 20 దాకా అంకెలున్న చార్టు ఒకటి ఉండేది. స్వీడన్‌కు చెందిన గున్నార్ బోర్గ్ అనే సైకాలజిస్టు తయారుచేసిన కొలత అది. 6 అంటే ఊరికే కూర్చున్నట్టు, 20 అంటే ఇక ఒక్క అడుగు కూడా వెయ్యలేమన్నట్టు. ఆ అంకెను పదితో హెచ్చిస్తే మామూలు మనిషి పల్స్‌కు దగ్గరగా వస్తుందని 6తో మొదలుపెట్టారట. ప్రతి రెండు మూడు నిమిషాలకూ "ఇప్పుడెంత ఆంటీ" అని అడిగేవాళ్ళు. నన్ను 11 నుంచి 13 మధ్య ఉంచేవాళ్ళు. మొదటి వారం నేను ప్రతిదానికీ 16 అనేదాన్ని. మూడో వారానికి ఆ పని 11 అయింది. ఇప్పటికీ మెట్లెక్కుతూ మనసులో అంకె చెప్పుకుంటాను.

మన వాళ్ళకు బైపాస్ తర్వాత మెటోప్రొలాల్ లాంటి మాత్రలు ఇస్తారు. అవి పల్స్‌ను మామూలుగా పెరగాల్సినంత పెరగనివ్వవు. అందుకని పల్స్ ఎంతదాకా వెళ్ళొచ్చో 220లోంచి వయసు తీసేసి చూసుకోమనే లెక్క, చేతి వాచీలు చూపించే టార్గెట్లు మీ అమ్మగారికి పనికిరావు. ఆవిడ మందులకు, ఆవిడ గుండె పంపింగ్‌కు తగ్గట్టు అక్కడి వాళ్ళే ఒక హద్దు రాసిస్తారు. హాయిగా మాట్లాడగలగాలి, పాట పాడేంత తీరిక ఉండకూడదు అని తేలిక గుర్తు కూడా చెప్పారు.

రిహాబ్‌కు ముందు నేను సొంతంగా చేసిన పొరపాటు ఒకటుంది. ఒకరోజు మధ్యాహ్నం భోజనం చేశాక డాబా మీద గబగబా పది నిమిషాలు నడిచి, ఫోన్ మోగితే టక్కున ఆగి నిలబడిపోయాను. కళ్ళు బైర్లు కమ్మి పిట్టగోడ మీద వాలిపోయాను. నడిచేటప్పుడు కాళ్ళ కండరాలు నెత్తురును పైకి తోస్తుంటాయి. ఉన్నట్టుండి ఆగితే అది కాళ్ళల్లోనే నిలిచిపోతుంది. పైగా బీపీ మాత్రలు వేసుకుంటున్నాం, పైగా భోంచేసిన పొట్ట. రిహాబ్‌లో ముందు అయిదు నుంచి పది నిమిషాలు ఒళ్ళు వేడెక్కించి, చివర అంతసేపూ వేగం తగ్గించుకుంటూ వచ్చేవాళ్ళు. అయిపోయాక పదిహేను నిమిషాలు కూర్చోబెట్టి బీపీ చూసి పంపేవాళ్ళు. ఇంటికెళ్ళి వంట చేసుకోవాలనే తొందరలో నేను లేవబోతే వదిలేవాళ్ళు కాదు.

ఇక ఇంటిపని సంగతి. ఇంటిపని తేలికని నేననను, నలభై ఏళ్ళు చేసినదాన్ని. కానీ అది గుండెకు కావలసిన వ్యాయామం కాదు. నిమిషం వంగుతాం, నిమిషం నిలబడతాం, ఊపిరి బిగబట్టి నీళ్ళ బిందె ఎత్తుతాం, మళ్ళీ కూరగాయల ముందు గంట కూర్చుంటాం. గుండె నిలకడగా ఇరవై ముప్ఫై నిమిషాలు పని చేసేది ఎక్కడ? పైగా ఆపరేషన్‌లో రొమ్ము ఎముకను నిలువునా కోసి స్టీలు తీగలతో కడతారు. అది అతుక్కోడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది, పూర్తి బలం రావాలంటే మూడు నెలలు అనుకోండి. తడిబట్టలు పిండితే రెండు చేతులూ ఆ ఎముకను చెరోవైపూ లాగుతాయి. నిండా ఉన్న కుక్కర్ దించడం, చపాతీ పిండి గట్టిగా పిసకడం, అటక మీద డబ్బా అందుకోవడం, నేల మీద చేతులు ఆనించి లేవడం, ఇవన్నీ అంతే. అయిదో వారంలో ఉన్న మీ అమ్మగారు వంటింట్లో ఏమేం ఎత్తుతున్నారో ఒకసారి చూడండి. ఛాతీలో ఎముక కటుక్కుమన్నా, కదిలినట్టున్నా ఆ రోజే సర్జన్‌కు చూపించాలి. దగ్గొచ్చినా తుమ్మొచ్చినా దిండును గుండెకు హత్తుకోమనండి.

మగపిల్లవాడైన మీకు ఆవిడ చెప్పుకోలేని సంగతి ఒకటి, మీ అక్కచెల్లెళ్ళతోనో భార్యతోనో చెప్పించండి. కుట్టు నొప్పని చాలామంది ఆడవాళ్ళు లోపల ఏమీ వేసుకోవడం మానేస్తారు. అప్పుడు రొమ్ముల బరువుకు కుట్టు లాగి నొప్పి ఎక్కువవుతుంది. ముందువైపు హుక్కులుండే, తీగ లేని మెత్తటి బాడీ వేసుకుని, కుట్టుకీ గుడ్డకీ మధ్య పలచటి నూలు బట్ట పెట్టుకోమన్నారు నన్ను. రెండు రోజుల్లో తేడా తెలిసింది. రిహాబ్‌కు వెళ్ళేటప్పుడు ముందు గుండీలుండే వదులు కుర్తా, కింద బూట్లు. చీరతో ట్రెడ్‌మిల్ ఎక్కనివ్వరు. స్టిక్కర్లు అంటించడానికి లేడీ స్టాఫ్ కావాలని ముందే అడగండి. సిగ్గుతో మానేసిన వాళ్ళను ఇద్దరిని చూశాను.

నాన్నమ్మగారిని తప్పుపట్టకండి. ఆవిడ చిన్నతనంలో డాక్టర్లు చెప్పిందే ఆవిడ చెబుతున్నారు. అప్పట్లో గుండెపోటు వచ్చినవాళ్ళను వారాల తరబడి మంచం దిగనిచ్చేవాళ్ళు కాదు. 1952లో బోస్టన్‌లో లెవీన్, లౌన్ అనే డాక్టర్లు పేషెంట్లను మంచం మీంచి లేపి కుర్చీలో కూర్చోబెట్టారు. ఆ మాత్రానికే పెద్ద సాహసం చేశారని అప్పుడు అనుకున్నారు. ఇప్పుడైతే ఆపరేషన్ మర్నాడో మూడో రోజో మంచం దించి నడిపిస్తున్నారు, మీ అమ్మగారినీ నడిపించే ఉంటారు. 2021లో 85 అధ్యయనాలను, అందులోని సుమారు 23 వేల మంది వివరాలను కలిపి చూసిన కోక్రేన్ అనే అంతర్జాతీయ వైద్య పరిశోధన సంస్థ సమీక్షలో, వ్యాయామంతో కూడిన రిహాబ్ తీసుకున్నవాళ్ళలో గుండె జబ్బుతో చనిపోవడం, మళ్ళీ గుండెపోటు రావడం, ఆసుపత్రి పాలవడం తగ్గాయని తేలింది. నాన్నమ్మగారికి ఇవన్నీ చెప్పనక్కర్లేదు. మా అత్తగారిని ఒకరోజు సెంటర్‌కు తీసుకెళ్ళి, పక్కన బీపీ చూస్తూ నిలబడ్డ మనుషుల్ని చూపించాం. అంతే, మర్నాటి నుంచి ఆవిడే నాకు టైమ్ గుర్తుచేసేది.

ఖర్చు, దూరం, రెండూ నిజమైన ఇబ్బందులే. నేను వెళ్ళినచోట రోజుకు 600 రూపాయలు, ఆటో ఖర్చు వేరే. 36 రోజులూ మా వల్ల కాలేదు, 24 రోజులు వెళ్ళాను. మీకు కుదరకపోతే మొదటి పది పన్నెండు రోజులైనా పంపించండి. ఆ తర్వాత వాళ్ళు రాసిచ్చిన ప్రకారం ఇంట్లో చేస్తూ, నెలకోసారి చూపించుకోవచ్చు. పద్ధతిగా రాసిచ్చి ఫోన్‌లో కనుక్కుంటూ ఉంటే ఇంటి దగ్గర చేసినా ఫలితం బాగానే ఉంటుంది, కాకపోతే మొదట ఎవరో ఒకరు కొలిచి హద్దు చెప్పి ఉండాలి. యోగా గురించి కూడా అడిగారు. గుండెపోటు వచ్చినవాళ్ళ మీద మన దేశంలోనే 24 ఆసుపత్రుల్లో 3,959 మందితో యోగా-కేర్ అని అధ్యయనం చేశారు. 12 వారాల్లో 13 క్లాసులు. మళ్ళీ గుండెపోటు రాకుండా అది ఆపుతుందని గట్టిగా రుజువు కాలేదు కానీ, ఆరోగ్యం మెరుగైందన్న భావన, మునుపటి పనుల్లో పడగలగడం యోగా చేసినవాళ్ళలో ఎక్కువ కనిపించాయి. కుర్చీలో కూర్చుని చేసేవీ, శ్వాస మీద ధ్యాస పెట్టేవీ మంచివి. తల కిందికి పెట్టేవి, ఊపిరి బిగబట్టేవి వద్దు.

చివరి వారం మళ్ళీ ఆ వరండాలోనే ఆరు నిమిషాలు నడిపించారు. ఆగకుండా 395 మీటర్లు నడిచాను. గుండెకు కొత్తగా ఏదో బలం వచ్చేసిందనుకున్నాను. "ఎక్కువ మారింది మీ కాళ్ళు ఆంటీ" అంది ఆ అమ్మాయి. కండరాలు అలవాటుపడితే అదే నెత్తురు లోంచి ఎక్కువ ఆక్సిజన్ తీసుకుంటాయి, అంత పనికీ గుండె తక్కువసార్లు కొట్టుకుంటే సరిపోతుందని వివరించింది. ఇప్పుడు మా ఊళ్ళో రోజూ తెల్లవారి ఆరింటికి కాలవ గట్టు మీద నలభై నిమిషాలు నడుస్తాను. ఎండాకాలం ఇంకా ముందే వెళ్ళొస్తాను. పర్సులో నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ మాత్ర, పేరూ మందుల వివరాలూ రాసిన కాగితం ఎప్పుడూ ఉంటాయి.

ఛాతీలో బరువు, దవడా భుజమూ లాగడం, చల్లటి చెమట, తల తిరగడం, గుండె తప్పి తప్పి కొట్టుకోవడం, వీటిలో ఏది వచ్చినా నడక ఆపి కూర్చోవాలి. డాక్టరు చెప్పినట్టు నాలుక కింద మాత్ర పెట్టుకున్నాక అయిదు నిమిషాల్లో తగ్గకపోతే 108కి ఫోన్ చెయ్యండి, ఇంకాసేపు చూద్దామనుకోవద్దు. రోజూ పొద్దున్నే బరువు చూసుకోమనండి. రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగి రెండు కాళ్ళూ వాస్తే ఒంట్లో నీరు చేరుతున్నట్టు, డాక్టరుకు చెప్పాలి. బైపాస్ కోసం నరం (రక్తనాళం) తీసిన కాలు ఒక్కటే కాస్త వాయడం మామూలే, కూర్చున్నప్పుడు ఎత్తు మీద పెట్టుకుంటే తగ్గుతుంది. పిక్కలో నొప్పీ ఎరుపూ ఉంటే మాత్రం చూపించండి.

అమ్మగారికి షుగర్ ఉందో లేదో మీరు రాయలేదు. ఉంటే సెషన్‌కు ముందు షుగర్ చూడమని మొదటి రోజే చెప్పండి, బ్యాగులో గ్లూకోజ్ పెట్టండి. నాలుగో రోజున నేను షుగర్ మాత్ర వేసుకుని టిఫిన్ సరిగా తినకుండా వెళితే 82 ఉంది. బిస్కెట్లు పెట్టి కూర్చోబెట్టారు, ఆ రోజు ట్రెడ్‌మిల్ ఎక్కనివ్వలేదు. గుండె మాత్రల వల్ల షుగర్ పడిపోయినప్పుడు వచ్చే దడ మనకు తెలియదట. డిశ్చార్జి కాగితాలు, ఎకో రిపోర్టు, వాడుతున్న మందుల అట్టలు అన్నీ తీసుకెళ్ళండి. మొదటి రోజు వీలైతే మీరూ లోపలికి వెళ్ళి, ఆవిడకు కనబడేలా కూర్చోండి.