గోల్డ్‌ఫిష్‌ని చిన్న గాజు బౌల్‌లో పెంచవచ్చా?

వైజాగ్‌లో చిన్న ఫ్లాట్, మూడు లీటర్ల బౌల్‌లో రెండు గోల్డ్‌ఫిష్‌లు పెంచుకోవచ్చా అని అడిగారు. దయచేసి వద్దండీ. సరిగ్గా చూసుకుంటే 10 ఏళ్లకు పైగా బతికి, 15 సెంటీమీటర్లు దాటి పెరిగే చేప అది.

అసలు చిక్కంతా చేపలకు విషమైన అమ్మోనియాతోనే. గోల్డ్‌ఫిష్ బాగా తింటుంది, అంతే వ్యర్థం వదులుతుంది. మొప్పల నుంచి కూడా అమ్మోనియా నీళ్లలో కలుస్తుంది. ట్యాంకులో అయితే ఫిల్టర్ స్పాంజికి పట్టిన బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, తర్వాత అంతగా హాని చేయని నైట్రేట్‌గా మారుస్తుంది. ఫిల్టర్ లేని బౌల్‌లో ఆ పని దాదాపు జరగదు. నీళ్లు తేటగానే కనిపిస్తాయి, చేప మాత్రం ఊపిరాడక పైకొచ్చి నోరు తెరుస్తూ ఉంటుంది. చాలామంది దాన్ని ఆకలి అనుకుని ఇంకో గుప్పెడు మేత వేస్తారు. అక్కడితో పరిస్థితి ఇంకా పాడవుతుంది.

పైగా మన ఎండలు. గోల్డ్‌ఫిష్‌కి 18–24 డిగ్రీల నీళ్లు హాయి. మే నెలలో చిన్న బౌల్ ఇట్టే వేడెక్కుతుంది, వేడి నీళ్లలో ఆక్సిజన్ తగ్గిపోతుంది.

రెండు చేపలకూ కనీసం 120 లీటర్ల ట్యాంకు, ఫిల్టర్, ఎయిర్ పంపు పెట్టండి. వారానికోసారి పావువంతు నీళ్లు మార్చండి, కుళాయి నీళ్లయితే యాంటీ క్లోరిన్ (క్లోరిన్‌ని పోగొట్టే మందు) కలిపాకే పోయండి. అంత చోటు లేకపోతే షాపువాళ్లకి తిరిగి ఇచ్చేయండి. మేఘాద్రి గెడ్డ రిజర్వాయర్‌లోనో చెరువులోనో మాత్రం వదలొద్దు, అక్కడి చేపలకు నష్టం.