గరుకు పైపుల గురించి రాస్తున్న చిరంజీవికి

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం అందిన రోజే చదివాను. పాత ఇనుప పైపు ముక్కలో వేలు పెట్టి తడిమితే తుప్పు పొక్కులు తగిలాయని రాసిన చోటు బాగుంది. కానీ ఆ వెంటనే ‘గోడ ఎంత గరుకైతే నీటికి అంత నిరోధం’ అని తేల్చేసి ముందుకు సాగిపోయావు. ఈ ఉత్తరం రాయించింది ఆ వాక్యమే.

వేలికి తెలిసే గరుకుదనం వేరు, నీటికి తెలిసే గరుకుదనం వేరు. ప్రవాహం ఎంత కల్లోలంగా ఉన్నా, గోడను ఆనుకొని స్నిగ్ధతదే, అంటే నీటి జిగటదనానిదే, పైచేయిగా ఉండే పలుచని పొర ఒకటి ఉంటుంది. గోడ మీది మిట్టలు ఆ పొరలో మునిగి ఉన్నంతవరకు, దానికి అవతల సుళ్లు తిరిగే నీటి మీద వాటి ప్రభావం దాదాపు ఉండదు. 100 మి.మీ. వ్యాసం గల కొత్త ఉక్కు పైపునే తీసుకో. దాని మిట్టల ఎత్తు సుమారు 0.045 మి.మీ. నీరు సెకనుకు 1 మీటరు వేగంతో పోతున్నప్పుడు ఆ పొర మందం దాదాపు 0.1 మి.మీ. ఉంటుంది కనుక మిట్టలు అందులో ఒదిగిపోయి, పైపు దాదాపు నున్ననిదానిలాగే ప్రవర్తిస్తుంది. వేగాన్ని 5 మీటర్లకు పెంచితే పొర 0.025 మి.మీ.కు పలచబడుతుంది. అప్పుడు మిట్టలు తలెత్తుతాయి, ఒక్కొక్క మిట్ట ముందు పీడనం పెరిగి వెనుక సుడి పుడుతుంది, ఆ సుళ్లను తిప్పడానికే ప్రవాహపు శక్తి ఖర్చవుతుంది. మరి ఆ పైపు నున్ననిదా, గరుకుదా? పాఠకుణ్ణి ఈ ప్రశ్న దాకా నడిపించని వ్యాసం నా దృష్టిలో అసంపూర్ణం.

నేను రాయడం మొదలుపెట్టిన కాలంలో, ఇదే విషయం మీద పంపిన వ్యాసంలోని అంకెలన్నీ ఒక సంపాదకుడు కొట్టివేశాడు. పాఠకులు బెదిరిపోతారట! చివరికి అచ్చయినదాంట్లో మిగిలింది నీ వాక్యంలాంటి వాక్యమే. ఆ కోపం నాకు ఇప్పటికీ తీరలేదు. అంకెలను చూసి బెదిరే పాఠకుడు నాకు ఎన్నడూ ఎదురుపడలేదు, కారణం చెప్పకుండా వదిలేశారని విసుక్కున్నవారు మాత్రం చాలామంది ఎదురుపడ్డారు.

1944 నాటి మూడీ పటాన్ని, అంటే ప్రవాహం మారేకొద్దీ పైపు ఘర్షణ గుణకం ఎలా మారుతుందో గీతల్లో చూపే పటాన్ని, మొదటి పేజీలోనే పెట్టావు. అది వెనక్కి జరగాలి. ముందు జర్మన్ ఇంజనీరు నికురాడ్సే రావాలి. పైపుల లోపల ఒకే పరిమాణపు ఇసుక రేణువులను అంటించి, ఆయన 1933లో ప్రకటించిన కొలతల్లో కథంతా ఉంది: నీరు పొరలు పొరలుగా సాగే నెమ్మదైన స్తరీయ ప్రవాహంలో గరుకు పైపులన్నీ ఒకే గీత మీద నడుస్తాయి, కల్లోలం ముదిరేకొద్దీ ఒక్కొక్కటే నున్నని పైపు గీతను విడిచి, చివరికి రేనాల్డ్స్ సంఖ్యతో (వేగంతో పెరుగుతూ ప్రవాహం ఎంత కల్లోలమో సూచించే సంఖ్య) పనిలేకుండా అడ్డంగా సాగిపోతాయి. తుప్పు పొక్కులు ఇసుకలా ఒకే ఎత్తున ఉండవు కనుక, మామూలు పైపుల్లో ఈ మార్పు క్రమంగా జరుగుతుంది. 1939 నాటి కోల్‌బ్రూక్ సమీకరణం చెప్పేది దాన్నే.

శీర్షిక సంగతి తర్వాత చూద్దాం. వేగం రెట్టింపైతే నున్నని పైపులో పీడన నష్టం సుమారు 3.4 రెట్లవుతుంది, పూర్తిగా గరుకైన పైపులో 4 రెట్లవుతుంది. ఈ తేడా ఎందుకు వస్తుందో, ఆ పలుచని పొరను వదలకుండా, నీ మాటల్లో రాసి పంపు.