ఆన్ నొక్కింది ఎప్పుడో, మోటారు తిరిగింది ఎప్పుడో: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈసారి నాలుగు ఉత్తరాలు ఒకే విషయం మీద వచ్చాయి, నాలుగూ సరిహద్దు అవతలి తెలుగువాళ్ళ నుంచే. నలుగురూ వాడేది మైక్రోసాఫ్ట్ వాళ్ళ అజూర్ ఐఓటీ హబ్. తెలియనివాళ్ళకి ఒక్క ముక్కలో చెప్తాను: పొలంలోనో షెడ్డులోనో పెట్టిన చిన్న చిన్న బోర్డులు పంపే మెసేజ్‌లన్నీ ఇంటర్నెట్‌లో ఒకచోట చేరి అక్కడి నుంచి మన ఫోనుకో కంప్యూటరుకో వస్తాయి, మనం ఇచ్చే కమాండ్‌లు అదే చోటి నుంచి బోర్డుకి వెళ్తాయి, ఆ చోటే హబ్. సిరొంచ ఉత్తరం చివర్లో వచ్చినా ముందు దానికే రాస్తున్నాను, ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

ప్రశ్న: మాది గడ్చిరోలి జిల్లా సిరొంచ దగ్గర పల్లె. ప్రాణహిత ఒడ్డున మోటారు పెట్టుకుని మిరపకి నీళ్ళు పారిస్తాం. నేను చంద్రపూర్‌లో పని చేస్తాను, అక్కడి నుంచే ఆన్, ఆఫ్ చేసేలా స్టార్టర్‌కి ఓ బోర్డు బిగించాను. పోయిన వారం ఆన్ నొక్కితే తిరగలేదు, ఒడ్డున నెట్‌వర్క్ లేదు. ఇంటికి ఫోన్ చేస్తే బాపు వెళ్ళి, పంపు పట్టేసిందేమో అని షాఫ్ట్ చేత్తో తిప్పి చూశాడు. ఆయన చెయ్యి తీసిన కాసేపటికి మోటారు దానంతటదే తిరిగింది. నేను నొక్కి అప్పటికి అరగంట దాటింది. హబ్ పాడైందా?

జవాబు: మీ బాపుకి ఏమీ కాలేదు, అది చాలు. హబ్ పాడవలేదండీ, దానికి మీరు ఏ పని అప్పజెప్పారో అదే చేసింది. మీరు వాడింది క్లౌడ్ టు డివైస్ మెసేజ్. బోర్డు లైన్లో లేకపోతే హబ్ దాన్ని పారేయదు, దాచి ఉంచుతుంది, ఒక్కో పరికరానికి 50 దాకా దాస్తుంది, మనం గడువు ఏమీ చెప్పకపోతే గంటసేపు ఉంచుతుంది, కావాలంటే 2 రోజుల దాకా కూడా ఉంచుతుంది. నెట్‌వర్క్ వచ్చి బోర్డు పలకరించగానే చేతికిచ్చేస్తుంది. ఫలానా సెట్టింగ్ మార్చు అనో, లాగ్ పంపు అనో చెప్పడానికైతే ఈ దాచడం మంచిదే, కానీ మోటారు ఆన్ చెయ్యి అన్న మాటకి అరగంట తర్వాత వేరే అర్థం వస్తుంది, ఎందుకంటే ఈలోపు అక్కడికి మనిషి వెళ్ళి ఉంటాడు.

మోటారు లాంటివాటికి డైరెక్ట్ మెథడ్ వాడండి. అది ఫోన్ కాల్ లాంటిది, బోర్డు లైన్లో ఉంటే అప్పుడే పని జరిగి జవాబు వస్తుంది, లేకపోతే పరికరం దొరకలేదని మీకు ఎర్రర్ వస్తుంది, దాచుకుని తర్వాత ఇవ్వడం అన్నది ఉండదు. జవాబు కోసం ఎంతసేపు ఆగాలో 5 సెకన్ల నుంచి 300 సెకన్ల దాకా మీరే పెట్టుకోవచ్చు, ఏమీ పెట్టకపోతే 30. కొంతమంది దీనికి డివైస్ ట్విన్, అంటే హబ్‌లో ఒక్కో బోర్డు సెట్టింగులు రాసి ఉండే కాగితం లాంటిది, వాడమంటారు, వద్దు. ట్విన్‌లో డిజైర్డ్ (బోర్డు ఎలా ఉండాలో మనం రాసే భాగం) కింద మోటారు ఆన్ అని రాస్తే దానికి గంట గడువు కూడా ఉండదు, మీరు మార్చేదాకా అలాగే ఉంటుంది, మూడో రోజు బోర్డు లైన్లోకి వచ్చినా అదే చదువుకుంటుంది. రోజుకి ఎక్కువలో ఎక్కువ ఎన్ని గంటలు తిరగాలి, ఎంత కరెంటు లాగితే ఆపేయాలి, ఇలాంటివి ట్విన్‌లో పెట్టండి, దాని అసలు పని అదే.

బోర్డులోనూ రెండు మార్పులు చెయ్యాలి. ప్రతి కమాండ్‌తో పాటు పంపిన టైమ్ వెళ్ళాలి, నిమిషం దాటిన ఆన్ కమాండ్‌ని బోర్డు తీసుకోకూడదు. దీనికి బోర్డు గడియారం సరిగ్గా ఉండాలి కాబట్టి లైన్లోకి రాగానే ముందు టైమ్ సరిచేసుకునేలా రాయండి. కరెంటు పోయి వచ్చినప్పుడు మోటారు ఆఫ్‌లోనే మొదలవ్వాలి, పాత స్థితి గుర్తుపెట్టుకుని దానంతటదే ఆన్ అవ్వకూడదు.

ఇవన్నీ చేశాక కూడా ఒకటి మాత్రం మారదు. పంపు ముట్టుకునే ముందు బాపు మెయిన్ దించి, ఫ్యూజులు పీకి జేబులో వేసుకోవాలి. బోర్డు పెట్టింది మీరు కాబట్టి ఈ మాట ఆయనకి చెప్పాల్సింది కూడా మీరే, స్టార్టర్ డబ్బా మీద పెయింట్‌తో పెద్దగా రాయించండి.

ప్రశ్న: పర్లాకిమిడి నుంచి రాస్తున్నాను. చుట్టుపక్కల పల్లెల్లో 12 పాల కూలర్లకి టెంపరేచర్ సెన్సర్లు పెట్టాను, ఒక్కోటి నిమిషానికోసారి పంపుతుంది. రోజూ సాయంత్రం నాలుగున్నర దాటాక మెసేజ్‌లు ఆగిపోతాయి, తెల్లారి ఐదున్నరకి వాటంతటవే మళ్ళీ మొదలవుతాయి. సరిగ్గా సాయంత్రం పాలు పోసే వేళకే స్క్రీన్ ఖాళీ, ఒకటే టెన్షన్. అందరూ కరెంటు మీద, సిమ్ మీద నెపం పెడుతున్నారు. డాక్యుమెంట్లు చదివితే తల తిరిగింది, మామూలు తెలుగులో చెప్పండి.

జవాబు: గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరి నుంచి మామూలు తెలుగులో చెప్పమని అడిగితే కాదంటానా. కారణం మీ ఉత్తరంలోనే ఉంది, ఆ ఐదున్నర. హబ్ రోజు లెక్క మన అర్ధరాత్రితో మారదు, ప్రపంచమంతా లెక్కకి వాడే యూటీసీ టైమ్ అర్ధరాత్రితో మారుతుంది, అది మనకి పొద్దున్న 5:30. మీది ఉచిత హబ్ అయి ఉంటుంది, దానికి రోజుకి 8,000 మెసేజ్‌లే. 12 సెన్సర్లు నిమిషానికోటి చొప్పున పంపితే రోజుకి 17,280 కావాలి. 8,000ని 12తో భాగించండి, 666 నిమిషాలు, అంటే 11 గంటల 6 నిమిషాలు, పొద్దున్న ఐదున్నర నుంచి లెక్కపెడితే సాయంత్రం 4:36. లాగ్‌లో 403002 అనే ఎర్రర్ ఉందేమో చూడండి, ఉంటే ఇక అనుమానం లేదు, ఈరోజు కోటా అయిపోయిందని దాని అర్థం. సిమ్‌ని ఏమీ అనకండి.

నిమిషానికోసారి ఎందుకు పంపుతున్నారు? కూలర్‌లో పాలు 4 డిగ్రీల దగ్గర ఉండాలి, ఉన్నంతసేపూ ఆ సంగతి నిమిషనిమిషానికీ చెప్పక్కర్లేదు. సెన్సర్ కొలవడం నిమిషానికోసారే కొలవనివ్వండి, పంపడం మాత్రం అర డిగ్రీ తేడా వస్తే వెంటనే, తేడా లేకపోతే బతికే ఉన్నానని 15 నిమిషాలకోసారి. ఈ రెండోదానికి 12 సెన్సర్లకీ కలిపి రోజుకి 1,152 అవుతాయి, మిగతాదంతా పాలు వేడెక్కే వేళకి మిగిలి ఉంటుంది. ఇంకోటి, ఉచిత హబ్‌లో అర కేబీకి ఒక మెసేజ్ లెక్క, మీ మెసేజ్ 600 బైట్లు ఉంటే రెండుగా లెక్కేస్తారు, అందుకని పేర్లూ వివరణలూ తగ్గించి అంకెలే పంపండి.

వ్యాపారం పెరిగితే ఎస్1 అనే డబ్బు కట్టే రకం హబ్ తీసుకోవచ్చు, యూనిట్‌కి రోజుకి 4,00,000 మెసేజ్‌లు, 4 కేబీ దాకా ఒకటే లెక్క కాబట్టి పది రీడింగులు మూటగట్టి ఒకే మెసేజ్‌లో పంపొచ్చు. అయితే ఉచిత హబ్‌ని ఎస్1గా మార్చడం కుదరదు, కొత్త హబ్ తెరవాలి, దాని పేరు వేరు. హబ్ పేరు సెన్సర్ కోడులోనే రాసేసి ఉంటే 12 ఊళ్ళూ తిరిగి 12 బోర్డులూ విప్పాలి. డివైస్ ప్రొవిజనింగ్ సర్వీస్ అని ఒకటుంది, బోర్డు ముందు దాన్ని అడుగుతుంది, నువ్వు ఫలానా హబ్‌కి వెళ్ళు అని అది చెప్తుంది. ఎలాగూ ఒకసారి బోర్డులు విప్పక తప్పదు కాబట్టి ఆ విప్పడంలోనే ఇది కూడా పెట్టేయండి.

ప్రశ్న: బరంపురంలో ఓ చిన్న సంస్థలో చేస్తున్నాను. పాత డేటా దాచుకుందామని హబ్‌లో మెసేజ్‌లు స్టోరేజ్‌కి పోయేలా ఒక రూట్, అంటే దారి, పెట్టాను. ఆ క్షణం నుంచి డాష్‌బోర్డులో ఏమీ రావడం లేదు. ఎక్కడా ఎర్రర్ లేదు.

జవాబు: ఎర్రర్ రాదమ్మా, హబ్ దృష్టిలో అంతా సవ్యంగానే ఉంది. రూట్లేవీ లేనప్పుడు మెసేజ్‌లన్నీ హబ్ సొంత ఎండ్‌పాయింట్‌కి పోతాయి, మీ డాష్‌బోర్డు చదివేది దాన్నే. మీరు పెట్టిన రూట్ షరతు ట్రూ అయి ఉంటుంది, అంటే ప్రతి మెసేజ్ అందులోకే పోతుంది. ఫాల్‌బ్యాక్ రూట్ ఉంది కదా అంటారేమో, అది ఏ రూట్‌లోనూ పడని మెసేజ్‌లకి మాత్రమే. సొంత ఎండ్‌పాయింట్‌కి కూడా ట్రూ షరతుతో ఇంకో రూట్ పెట్టండి, ఒకే మెసేజ్ రెండు చోట్లకీ వెళ్తుంది. రేపు టెంపరేచర్ ఇంత దాటితే అని మెసేజ్ లోపలి విలువ మీద షరతు రాయాల్సి వస్తే, మెసేజ్ ఏ రూపంలో ఉందో, అంటే కంటెంట్ టైప్ జేసన్ అనీ ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అనీ, పరికరమే చెప్పాలి, లేకపోతే ఆ షరతు ఎప్పటికీ పట్టదు, అప్పుడు కూడా ఎర్రర్ రాదు.

ప్రశ్న: కొరాపుట్ జిల్లా జయపురం. కాఫీ గింజలు ఆరబెట్టే కల్లంలో తేమ కొలవడానికి 2019 నాటి పాఠం ఒకటి చూసి బోర్డు తయారుచేశాను. వైఫై బాగానే ఉంది, హబ్‌కి మాత్రం కలవడం లేదు. కోడు మొత్తం జతచేస్తున్నాను.

జవాబు: కోడు చూశాను. అవతల ఉన్నది అసలు హబ్బేనని బోర్డు నమ్మడానికి అందులో అతికించిన రూట్ సర్టిఫికెట్ బాల్టిమోర్ సైబర్‌ట్రస్ట్‌ది, దాని గడువు 2025 మే నెలలో తీరిపోయింది, హబ్‌లు అంతకుముందే డిజిసర్ట్ గ్లోబల్ రూట్ జీ2కి మారాయి. అది తీసి ఇది పెట్టండి. అప్పటికీ కలవకపోతే మీ వైఫై ఉన్న చోట 8883 పోర్టు మూసి ఉందేమో కనుక్కోండి, మూసి ఉంటే వెబ్‌సాకెట్ల మీదుగా 443 నుంచి వెళ్ళొచ్చు.

కానీ సర్టిఫికెట్ కంటే ముందు చెయ్యాల్సిన పని ఒకటుంది. కోడులో మీ కనెక్షన్ స్ట్రింగ్, అంటే హబ్‌లోకి వెళ్ళే తాళంచెవి, కూడా యథాతథంగా ఉంది, అది ఒక్క బోర్డుదైనా కొంత నయం, ఐఓటీహబ్‌ఓనర్ పాలసీది, అంటే హబ్ మొత్తానికీ పనిచేసేది. అది చేతిలో ఉన్నవాళ్ళు మీ హబ్‌లో పరికరాలు కలపొచ్చు, తీసేయొచ్చు, ఏ బోర్డుకైనా కమాండ్ ఇవ్వొచ్చు. పోర్టల్‌లోకి వెళ్ళి ఆ పాలసీ కీలు రెండూ ఇవాళే మార్చండి, బోర్డుని విడిగా రిజిస్టర్ చేసి దాని సొంత కీ దానికివ్వండి. నాకొచ్చిన కాపీ చెరిపేశాను, ఇంకెవరికైనా సాయం అడుగుతూ ఇదే కోడు పంపి ఉంటే వాళ్ళని కూడా చెరిపేయమనండి.