గోడలో ఇటుకలు లేవు

మల్లేశ్వరం, బెంగళూరు

అమ్మాయీ,

మారతహళ్లి నుంచి రెండు బస్సులు మారి వచ్చి నువ్వు ఇచ్చివెళ్లిన, అయస్కాంత తీగలో కరెంటు చేసే పని మీది వ్యాసం చదివాను. భాష సాఫీగా ఉంది. మొదటి పేరాలో ఫ్రిజ్ మీది అయస్కాంతం ఎందుకుందో మాత్రం అర్థం కాలేదు, తీసెయ్.

'కరెంటు డొమైన్ గోడను తోసుకుంటూ పోతుంది' అని రాశావు. తప్పు నీది కాదు, గోడ అన్న మాటది. అది వినగానే ఇటుకలు కళ్లముందుకొస్తాయి. నానోవైరులో, అంటే అతి సన్నని తీగలో, ఇటుకలెక్కడివి? నికెలూ ఇనుమూ కలిపిన పర్మలాయ్ తీగలో కొంత మేర పరమాణువుల అయస్కాంతాలన్నీ ఎడమకి చూస్తాయి, ఆ పక్కన కుడికి. ఒకే వైపు చూసే ఒక్కో మేర ఒక డొమైన్. నడుమ ఓ 100 నానోమీటర్లలో ఆ చూపు కొద్దికొద్దిగా తిరుగుతుంది. ఆ మలుపు పేరే గోడ.

పెళ్లిలో వరుసగా కుర్చీలు వేసి ఉన్నాయనుకో. సగం మంది మండపం వైపు చూస్తున్నారు, సగం మంది భోజనాల హాలు తలుపు వైపు. ఇద్దరు ముగ్గురు మధ్యలో అటూ ఇటూ కాకుండా ఉన్నారు. ఒకరి తర్వాత ఒకరు తలుపు వైపు తిరుగుతూ పోతే ఆ మలుపు వరుస చివరిదాకా పోతుంది. కుర్చీలోంచి మాత్రం ఎవరూ లేవలేదు.

మరి తిప్పేదెవరు? ఎలక్ట్రాన్. దానికి స్పిన్ ఉంది, అంటే ఓ దిక్కుకి చూసే సొంత తిరుగుడు లాంటి గుణం. ఏ డొమైన్‌లో ఉంటే అక్కడి దిక్కుకి సర్దుకుంటుంది. గోడ దాటేటప్పుడు స్పిన్ తిరగబడుతుంది, అందులో పోయిన కోణీయ ద్రవ్యవేగం, అంటే ఆ తిరుగుడు ఖాతా, ఎక్కడో ఒకచోట జమ కావాలి కదా. గోడలోని పరమాణువులకి జమ అవుతుంది, అవి తిరుగుతాయి. భౌతిక శాస్త్రవేత్త బెర్జర్ 1984లోనే ఈ సంగతి రాశాడు. నీ వ్యాసంలో ఈ లెక్క లేదు, 'తోసుకుంటూ' అన్న మాట దాని మీద ముసుగు వేసింది.

అసలు కథని చివర్లో ఒక్క వాక్యంలో కుక్కేశావు. అయస్కాంత క్షేత్రం పెడితే ఒక రకం డొమైన్లు పెరుగుతాయి, రెండోరకం తరుగుతాయి. అంటే పక్కపక్క గోడలు ఎదురెదురుగా వచ్చి కలిసి మాయమవుతాయి, వాటితోపాటు డొమైన్ల వరుసలో దాచిన సమాచారమూ పోతుంది. కరెంటు అలా కాదు, అన్నిటినీ ఒకే వైపు నడిపిస్తుంది. ఐబీఎంలో ఉండగా స్టువర్ట్ పార్కిన్ చేసిన రేస్‌ట్రాక్ మెమరీ (తీగలో డొమైన్లని నడిపిస్తూ సమాచారం దాచే పద్ధతి) అన్న ఊహ దీనిమీదే నిలబడింది. వ్యాసం ఇక్కడ మొదలుపెట్టు.

ఇంకోటి. చదరపు మీటరుకి లక్ష కోట్ల ఆంపియర్లు అని రాసి వదిలేశావు. పాఠకుడు నోరెళ్లబెడతాడు తప్ప ఏమీ తెలుసుకోడు. 1 చదరపు మిల్లీమీటరు తీగలో అయితే అది 10 లక్షల ఆంపియర్లు, తీగ ఆవిరే. అదే 100 నానోమీటర్ల వెడల్పు, 10 నానోమీటర్ల మందం ఉన్న తీగలో 1 మిల్లీ ఆంపియరే. అయినా వేడెక్కుతుంది, అందుకే కరెంటుని నానోసెకన్ల పల్సులుగా పంపుతారు. ఇలా రాస్తే అంకెకి బరువొస్తుంది.

'ఎప్పుడూ' అన్న మాటతో జాగ్రత్త. నేను కొత్తలో, గోడ ఎప్పుడూ ఎలక్ట్రాన్లు పోయే వైపే కదులుతుందని ఒక పత్రికలో రాశాను. పర్మలాయ్‌లో అది నిజమే. ప్లాటినం మీద పల్చటి కోబాల్టు పొరలో గోడ కరెంటు దిశలోనే పోతుంది, అంటే ఎలక్ట్రాన్లకి ఎదురు. అక్కడ తిప్పే పని ప్లాటినానిది. నా తప్పు చూపిస్తూ ఒక రిటైర్డ్ లెక్చరర్ గారు నాలుగు లైన్ల కార్డు ముక్క రాశారు. పొగడ్త ఒక్కటీ లేదు, ఇంకా దాచుకున్నాను.

పెళ్లి కుర్చీల పోలిక నీకిచ్చేశాను, వాడుకో. కానీ ప్లాటినం దగ్గర అది పనికిరాదు, అక్కడ సాగదీయకు. ఆదివారం తిరగరాసిన ప్రతి పట్టుకుని పదింటి లోపు వచ్చేయ్. ఆ తర్వాత ఎనిమిదో క్రాస్‌లో కూరగాయలకి వెళ్లాలి.

ఆశీస్సులతో,
మాస్టారు